థీసిస్‌లో ఆదివాసీ మందుల వివరాలు: సంతకం ఉంటే రాసేయవచ్చా?

పీహెచ్‌డీ_మూడో_ఏడు

అందరికీ నమస్కారం. నా థీసిస్ ఆదివాసీ వైద్యం మీద. ఒక గూడెంలో మందులిచ్చే పెద్దల దగ్గర కూర్చుని ఏ మొక్క, అందులో ఏ భాగం, ఏ జబ్బుకు, ఎలా నూరాలి, ఎంత ఇవ్వాలి అన్నీ రాసుకున్నాను. అందరి దగ్గరా కన్సెంట్ ఫారం మీద సంతకమో వేలిముద్రో తీసుకున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది.

పట్టిక పూర్తయ్యాక వాళ్లకు చదివి వినిపించాను. రెండు మందుల దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దాయన ఆపమన్నారు. "ఇవి పుస్తకంలో వద్దమ్మా" అన్నారు. కారణం చెప్పలేదు, నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. పక్కనున్న మిగతావాళ్లు ఏమీ మాట్లాడలేదు.

మా గైడ్ ఏమో, సంతకం ఉంది కదా, ఇంక ఆలోచించేదేముంది అంటున్నారు. మొక్కల పేర్లు లేని పట్టికను ఏ జర్నలూ వేసుకోదట. అదీ నిజమే. చాలా టెన్షన్‌గా ఉంది. ఆ రెండు తీసేస్తే సరిపోతుందా, లేక మొత్తం పట్టిక గురించే మళ్లీ ఆలోచించాలా? ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

వానచినుకు

ఆ ఫారంలో సరిగ్గా ఏం రాసి ఉంది? "ఈ సమాచారాన్ని పరిశోధనకు వాడుకుంటాం" అనా, "మొక్క పేరుతో సహా అచ్చు వేస్తాం, లోకంలో ఎవరైనా చదవచ్చు, వాడుకోవచ్చు" అనా? మొదటిదే ఉంటే ఆ సంతకాన్ని పట్టుకుని రెండోది చేయడం కుదరదు. ఎప్పుడైనా వెనక్కి తగ్గవచ్చు అనే వాక్యం కూడా అందులో ఉండి ఉండాలి, ఒకసారి చూడండి.

పీహెచ్‌డీ_మూడో_ఏడు

చూశానండీ. మొదటి వాక్యమే ఉంది. వెనక్కి తగ్గే హక్కు గురించి కూడా ఉంది. అచ్చు వేయడం గురించి విడిగా ఏమీ లేదు.

ల్యాబ్‌కోటు

నేను మొక్కల రసాయనాల మీద పనిచేస్తాను. కాస్త ఎదురు మాట చెబుతాను, ఏమనుకోకండి.

రాయకపోతే పోతుంది. మందులిచ్చే పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, పిల్లలు హాస్టళ్లలో చదువుతున్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు అడిగినా చెప్పేవాళ్లుండరు. పైగా రాసి ఉండటమే రక్షణ. పసుపు కేసు గుర్తు చేసుకోండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం తమ కొత్త ఆవిష్కరణ అని అమెరికాలో 1995లో పేటెంట్ తీసుకున్నారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాల్లోని ఆధారాలు చూపించి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. రాత ఉంది కాబట్టే గెలిచాం. తర్వాత అదే ఆలోచనతో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా కట్టారు. నోటి మాటగానే ఉండి ఉంటే ఏం చూపించేవాళ్లం?

కొండదారి

నేను ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ల్యాబ్‌కోటు గారూ, మీరు చెప్పింది పసుపుకి నిజం. పసుపు సంగతి ఊరంతటికీ తెలుసు, ఎప్పటినుంచో గ్రంథాల్లో ఉంది. ఒక గూడెంలో ముగ్గురికి మాత్రమే తెలిసిన మందు అలాంటిది కాదు. దాన్ని అచ్చు వేస్తే పేటెంట్‌ను అడ్డుకోవచ్చేమో కానీ, ఆ క్షణం నుంచి అది అందరిదీ అయిపోతుంది. చదివిన కంపెనీ ఆ మొక్క తీసుకుని, అందులోంచి ఒక రసాయనం విడదీసి, కాస్త మార్చి దానికి పేటెంట్ తీసుకుంటే ఆ ముగ్గురికీ మిగిలేదేమిటి? థీసిస్ చివర్లో ఒక కృతజ్ఞతా వాక్యం.

ఇంకొకటి. మా గూడేలకు పరిశోధకులు వస్తూనే ఉంటారు. మా నాన్న చెప్పిన కథలు, మా అమ్మ చెప్పిన మందులు రాసుకుని వెళ్లారు. ఆ పుస్తకాలేవీ మా ఇంటికి రాలేదు. నేను పీజీలో చేరాక లైబ్రరీలో ఒక పాత థీసిస్ తిప్పుతుంటే అందులో మా గూడెం కనిపించింది. అది ఇంగ్లీషులో ఉంది. మా అమ్మకు నేనే చదివి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆమె ఒక చోట "అది అలా కాదు" అంది. దాన్ని సరిదిద్దే దారి ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు.

అక్కా, మీరు పట్టిక చదివి వినిపించారు చూడండి, అది చాలామంది చేయరు. అలా వినిపించారు కాబట్టే ఆ పెద్దాయన ఆపగలిగారు.

పాతపుస్తకం

చాలా ఏళ్లు ఆంత్రోపాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ చర్చకు కాణిల కథ తప్పకుండా కావాలి. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికపట్టండి.

1987లో కేరళలో అగస్త్య కొండల మీద పి. పుష్పాంగదన్ బృందం మొక్కల సర్వే చేస్తోంది. దారి చూపడానికి కాణి తెగ యువకులు తోడు వచ్చారు. ఎక్కలేక శాస్త్రవేత్తలకు ఆయాసం వస్తుంటే, ఈ యువకులు ఏవో చిన్న పండ్లు నములుతూ హాయిగా నడిచిపోతున్నారు. వాళ్లు కూడా తిని చూశారు, ఒంట్లో సత్తువ వచ్చింది. ఏమిటీ మొక్క అని అడిగితే మొదట చెప్పలేదు. బయటివాళ్లకు చెప్పకూడనిది అన్నారు. బతిమాలితే చివరికి చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గర పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ దాని మీద పనిచేసి 'జీవని' అనే మందు తయారు చేసి, 1990ల మధ్యలో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి లైసెన్సు ఇచ్చింది. ఫీజు పది లక్షల రూపాయలు, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీ. వచ్చినదాంట్లో సగం కాణిలకు. దానికోసం 1997లో ఒక ట్రస్టు పెట్టారు. డబ్బు 1999లో చేతికొచ్చింది.

లాభం పంచుకోవడంలో లోకానికే ఆదర్శం అని దీన్ని ఎన్నో సదస్సుల్లో చూపించారు. ట్రస్టుకు 2002లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. అప్పటి పరిస్థితుల్లో సంస్థ తనంత తాను సగం ఇవ్వడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయను. అయితే దగ్గరికెళ్లి చూస్తే వేరే సంగతులు కనిపిస్తాయి. కాణిలంటే ఒక ఊరు కాదు, చాలా గూడేలు. సంస్థతో పరిచయం ఉన్న గూడేలకు ఒప్పందం తెలుసు, మిగతా చోట్ల 'మమ్మల్నెవరు అడిగారు' అన్నారు. వాళ్లలో వైద్యం చేసే పెద్దలు కూడా కొందరు వద్దన్నారు. మందుకు కావాల్సింది ఆకు. దాన్ని అడవిలో పెంచి అమ్మబోతే అటవీ శాఖ అభ్యంతరం చెప్పింది. జ్ఞానంలో వాటా ఇచ్చారు, ఆ మొక్క పెరిగే నేల మీద హక్కు మాత్రం ఇవ్వలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

గ్రామసభ_పక్షం

పాతపుస్తకం గారు చివర్లో అన్న మాట దగ్గరే నేను ఆగుతాను. నేల హక్కు లేకుండా జ్ఞానం గురించి మాట్లాడితే అది సగం మాటే. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభలకే వదిలేసింది. ఆ ఏడు జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కొంధు ఆదివాసులు ఆ సభల్లో చెప్పింది ఏమిటి? ఏ వాగు ఎక్కడ పుడుతుంది, ఏ వాలులో ఏం పండుతుంది, తమ దేవుడు నియమ రాజా ఎక్కడుంటాడు. పరిశోధకులు 'సంప్రదాయ జ్ఞానం' అని అధ్యాయం పెట్టి రాసేదంతా అక్కడ సాక్ష్యంగా నిలబడింది. వాళ్లే చెప్పారు, వాళ్ల భాషలో చెప్పారు, వాళ్ల మాటే చెల్లింది.

వానచినుకు

చట్టం వైపు నుంచి ఒక విషయం. చాలామంది అటవీ హక్కుల చట్టం అంటే పట్టాల చట్టం అనుకుంటారు. 2006 నాటి ఆ చట్టం సెక్షన్ 3(1)లో 'కె' క్లాజు ఒకటుంది. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని అది చెబుతుంది. ఉమ్మడి హక్కు, గమనించండి. అంటే ఒక్కొక్కరి దగ్గర తీసుకున్న విడి సంతకాలు సమాజం మొత్తం ఒప్పుకున్నట్టు కాదు. మన ఎథిక్స్ కమిటీల ఫారాలన్నీ ఆసుపత్రి రోగిని మనసులో పెట్టుకుని తయారైనవి. ఒక మనిషి, ఒక ఒళ్లు, ఒక సంతకం. గూడెం జ్ఞానానికి ఆ కొలత సరిపోదు.

జీవవైవిధ్య చట్టానికి 2023లో వచ్చిన సవరణ కూడా చూడండి. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు వచ్చింది. కంగారు పడొద్దు, అక్కడ గ్రంథం అంటే ఔషధ చట్టం షెడ్యూల్లో ఉన్న ఆయుర్వేద, సిద్ధ, యునానీ పుస్తకాలు. మీ థీసిస్ అందులోకి రాదు. కానీ గాలి ఎటు వీస్తోందో అర్థమవుతుంది కదా.

ల్యాబ్‌కోటు

3(1)(కె) సంగతి నాకు తెలియదు. థాంక్స్ అండీ. కానీ ఉమ్మడి సమ్మతి అంటే ఎవరిది? ఎవరు ఔనంటే ఔను? మెక్సికోలోని చియాపాస్‌లో మాయా ప్రజల మందు మొక్కల మీద 1998లో అమెరికా ప్రభుత్వ నిధులతో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలైంది. పరిశోధకులు ఊరూరా తిరిగి ఒప్పుకున్న ఊళ్ల నుంచి అనుమతి తీసుకున్నారు. అక్కడి సంప్రదాయ వైద్యుల సంఘాలు మాత్రం ఒప్పుకోలేదు, ఈ జ్ఞానం మాయా వాళ్లందరిదీ, కొన్ని ఊళ్లు ఎలా ఇచ్చేస్తాయి అన్నాయి. 2001లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఒప్పుకున్న ఊళ్ల మాటకు విలువ లేకుండా పోయింది కదా? కాణిల దగ్గర కొందరినే అడిగారని తప్పు పడుతున్నాం. ఇక్కడ అందరూ ఒప్పుకోలేదని ఆపేశారు. మధ్యలో పరిశోధకుడు ఏం చేయాలి?

కొండదారి

మంచి ప్రశ్న. నా జవాబు ఇది. ఎవరిని అడగాలో కూడా వాళ్లనే అడగాలి. మా దగ్గర భూమి సంగతి ఒకరు చెబుతారు, దేవుడి సంగతి ఇంకొకరు, మందుల సంగతి మరొకరు. సర్పంచి సంతకం మందులకు చెల్లదు. పరిశోధకుడు ఆఫీసులో కూర్చుని 'సమాజ ప్రతినిధి' ఎవరో తేల్చేసుకుని రావడంతోనే గొడవ మొదలవుతుంది. అందుకు టైం పడుతుంది, నిజమే. మూడేళ్ల ఫెలోషిప్‌లో ఇమడదు, అదీ నిజమే. అయితే మారాల్సింది ఫెలోషిప్.

అన్ని గూడేలూ ఒక్క మాట మీదికి రాకపోతే, వద్దన్నవాళ్లది కలపకుండా ఔనన్నవాళ్లదే రాయవచ్చు. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసినదైతే ఆగాలి.

డేటాగింజ

నేను లైబ్రరీలో డిజిటల్ భాండాగారం పని చూస్తాను. సమ్మతి తీసుకున్నాక ఆ సమాచారం ఎక్కడికెళ్తుందనేది కూడా చూడాలి. హవాసుపాయి కేసు దీనికి అద్దం.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే చిన్న తెగ అది. వాళ్లలో షుగర్ జబ్బు ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దానికోసమని రక్తం తీసుకున్నారు. ఫారంలో మాటలు మాత్రం షుగర్‌తో ఆగకుండా చాలా వెడల్పుగా ఉన్నాయి. ఆ నమూనాలనే తర్వాత స్కిజోఫ్రేనియా మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, ఆ జనం ఎక్కడినుంచి వలస వచ్చారన్నదాని మీద వాడారు. వాళ్ల నమ్మకం ప్రకారం వాళ్లు పుట్టింది ఆ లోయలోనే. 2003లో ఆ తెగ మహిళ ఒకరు యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ఉపన్యాసానికి వెళ్లి, తమ రక్తం గురించే మాట్లాడుతున్నారని గ్రహించి, దీనికి అనుమతి తీసుకున్నారా అని లేచి అడిగారు. కోర్టు దాకా వెళ్లి 2010లో రాజీ కుదిరింది. 41 మందికి ఏడు లక్షల డాలర్లు, మిగిలిన రక్తం వెనక్కి. మీ గైడ్ గారు అన్న 'సంతకం ఉంది కదా' అనే మాటకు ఇంతకన్నా జవాబు లేదు. అక్కడా సంతకాలున్నాయి.

ఇలాంటివి చూశాకే ఆదివాసీ సమాజాలు తమ నియమాలు తామే రాసుకోవడం మొదలుపెట్టాయి. కెనడాలోని ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ సమాజాలవాళ్లు 1998లోనే తమ డేటా మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవే అన్నారు. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు సొంత నియమావళి విడుదల చేశారు. 2019లో ఆదివాసుల డేటా వాడకానికి 'కేర్' సూత్రాలు వచ్చాయి: ఉమ్మడి మేలు, అదుపు చేసే అధికారం, బాధ్యత, నీతి. అంతకుముందు శాస్త్రలోకం 'డేటా అందరికీ దొరకాలి' అని మాత్రమే ఆలోచించేది. ఎవరికి దొరకాలి, ఎవరి ఖర్చుతో అనే ప్రశ్న ఇక్కడ చేరింది.

పాతపుస్తకం

సాన్ ప్రజల పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. హూడియా అనే ఎడారి మొక్కను వేటకెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా ఉండటానికి వాళ్లు నమిలేవాళ్లు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ గుణానికి పేటెంట్ తీసుకుని ఒక విదేశీ కంపెనీకి లైసెన్సు ఇచ్చేసింది. 2001లో పత్రికల్లో ఈ విషయం బయటపడ్డప్పుడు లైసెన్సు తీసుకున్న బ్రిటిష్ కంపెనీ పెద్ద, ఆ మొక్కను కనిపెట్టిన జనం అంతరించిపోయారనే అనుకున్నారట. బతికున్న లక్ష మందిని! 2003లో ఒప్పందం కుదిరింది, రాయల్టీలో ఆరు శాతం. తర్వాత మందు మార్కెట్‌కే రాలేదు, ఆ బ్రిటిష్ కంపెనీతో చేతులు కలిపిన ఫైజర్ తప్పుకుంది, తర్వాత యూనిలీవర్ తప్పుకుంది. డబ్బు పెద్దగా రాలేదు. ఆ పోరాటంతో వచ్చిన అనుభవం, సాన్ మండలికి వచ్చిన బలం మాత్రం మిగిలాయి. 2019లో రూయిబోస్ తేనీటి పరిశ్రమతో రైతు అమ్మకం ధరలో ఒకటిన్నర శాతం ఇచ్చేలా ఖోయ్, సాన్ ప్రజలు ఒప్పందం చేసుకోగలిగారు.

నది_ఒడ్డు

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్టు. హక్కుల సంగతి సరే. వీళ్ల జ్ఞానం శాస్త్రీయ పరీక్షకు నిలబడుతుందా అని మా డిపార్ట్‌మెంటులో ఎప్పుడూ అడుగుతారు. దానికేం చెప్పాలి?

డేటాగింజ

అలాస్కా తిమింగలాల సంగతి చెప్పండి. 1977లో బోహెడ్ తిమింగలాలు మరీ తగ్గిపోయాయని, రెండు వేలు కూడా లేవని లెక్కలు చూపించి అంతర్జాతీయ తిమింగల కమిషన్ అక్కడి ఇనుపియాట్ ఆదివాసుల వేట మీద నిషేధం పెట్టింది. శాస్త్రవేత్తలు మంచు అంచున నిలబడి, తెరిచి ఉన్న నీటి పాయల్లో వెళ్లేవాటిని కంటితో లెక్కపెట్టారు. వేటగాళ్లు ఒప్పుకోలేదు. తిమింగలాలు మంచు కింద నుంచి కూడా వెళ్తాయి, సన్నటి మంచును తలతో పగలగొట్టుకుని ఊపిరి తీసుకుంటాయి, ఒడ్డుకు దూరంగా కూడా పోతాయి, మీరు వాటిని లెక్కలోకి తీసుకోలేదు అన్నారు. తర్వాత నీటిలోకి మైకులు దించి వింటే మంచు కింద వాటి కూతలు వినిపించాయి. లెక్క కొన్ని రెట్లు పెరిగింది, వేటగాళ్లు చెప్పినదానికి దగ్గరగా వచ్చింది. అక్కడ పరీక్షకు నిలబడనిది శాస్త్రవేత్తల లెక్క.

పాతపుస్తకం

బాగుంది. దానికి ఒక జాగ్రత్త జోడిస్తాను. అభిమానం కొద్దీ మనం కూడా ఆధారం లేని మాటలు వాడకూడదు. 'ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల నేలల్లోనే ఉంది' అని నివేదికల్లో, ఉపన్యాసాల్లో ఏళ్లుగా వినిపిస్తోంది. దానికి మూలం ఎక్కడా లేదని 2024లో నేచర్ పత్రికలో కొందరు పరిశోధకులు తేల్చి చెప్పారు, వాళ్లలో ఆదివాసీ పరిశోధకులూ ఉన్నారు. నిలబడే లెక్క ఉంది: 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 87 దేశాల్లో కనీసం 3.8 కోట్ల చదరపు కిలోమీటర్ల నేల ఆదివాసుల అధీనంలో గానీ, వాళ్ల హక్కులో గానీ ఉంది. భూభాగంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. ఇదేం తక్కువ? తప్పు లెక్క దొరికితే హక్కులు ఇష్టం లేనివాళ్లు దాన్నే పట్టుకుని మొత్తం కొట్టిపారేస్తారు.

గ్రామసభ_పక్షం

ఆదివాసుల హక్కుల మీద 2007లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ప్రకటన గురించి ఎవరూ అనలేదు. 144 దేశాలు అనుకూలం, అప్పట్లో నాలుగే వ్యతిరేకం: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత ఆ నాలుగూ మాట మార్చుకున్నాయి. 31వ అధికరణం ఈ జ్ఞానం మీద అదుపు వాళ్లదే అంటుంది. పేటెంట్ అడిగేవాళ్లు ఎవరి సంప్రదాయ జ్ఞానం ఆధారంగా అడుగుతున్నారో చెప్పి తీరాలని 2024 మేలో ప్రపంచ మేధో సంపత్తి సంస్థ సభ్య దేశాలు ఒక ఒడంబడికకు ఒప్పుకున్నాయి. అమలుకు పదిహేను దేశాల ఆమోదం కావాలి. జర్నళ్లు కూడా ఇలా అడిగే రోజు వస్తుంది, రావాలి.

ల్యాబ్‌కోటు

పీహెచ్‌డీ గారూ, జర్నల్ విషయంలో నేను సాయం చేయగలను. మొక్కల పేర్లు లేకుండా కూడా మంచి పేపర్ రాయవచ్చు. ఎన్ని జబ్బులకు మందులున్నాయి, ఏ వయసువాళ్లకు ఎంత తెలుసు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, అడవికి వెళ్లే దారి మూసుకుపోతే ఏం పోతోంది, ఇవన్నీ వివరాలు దాచి చెప్పవచ్చు. జాతి పేరు బదులు మొక్కల కుటుంబం పేరు వరకు ఇస్తే చాలు. ఎందుకు దాచారో పద్ధతుల భాగంలో ఒక పేరా రాయండి. నేను రివ్యూ చేసే పేపర్లలో అయితే అలాంటి పేరాను గౌరవిస్తాను, ఈ చర్చ తర్వాత ఇంకా.

రాయకపోతే పోతుందన్న నా బెంగ మాత్రం అలాగే ఉంది.

డేటాగింజ

ఆ బెంగకు దారి ఉంది. రాయండి, కానీ రాసింది వాళ్ల దగ్గరే ఉండాలి. ఆస్ట్రేలియాలో వారుముంగు ప్రజలతో కలిసి 2007లో ముకుర్తు అనే భాండాగారం కట్టారు. ఏ ఫొటో ఎవరు చూడవచ్చు, ఏ పాట ఎవరు వినవచ్చు అనేది వాళ్ల కట్టుబాటు ప్రకారమే తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అంత అక్కర్లేదనుకుంటే నోటు పుస్తకం, ఆడియో ఉన్న ఒక పెన్‌డ్రైవ్, ఎవరి దగ్గర ఉండాలో వాళ్లు తేల్చిన మనిషి చాలు.

పీహెచ్‌డీ_మూడో_ఏడు

అందరికీ చాలా థాంక్స్. గూడేనికి మళ్లీ వెళ్లొచ్చాను. మందుల సంగతి ఎవరితో మాట్లాడాలో మీరే చెప్పండి అని అడిగాను. ఫారం మీద నేను అసలు పేరు కూడా రాయని ఒక పెద్దావిడను పిలిపించారు. ఆ పెద్దాయన వద్దన్న రెండింటిలో ఒకటి ఆమె పుట్టింటివాళ్లదట. ఆమె ఇంకొక మందు కూడా తీయమన్నారు. తీసేశాను.

మిగతావి థీసిస్‌లో మొక్కల కుటుంబం పేరు వరకే ఉంటాయి. పూర్తి పట్టిక తెలుగు లిపిలో, వాళ్ల భాషలో పుస్తకంగా కుట్టించి అక్కడే ఇస్తాను. గ్రామసభలో చదివి తీర్మానం రాయించుకోవాలని అనుకున్నాం. ల్యాబ్‌కోటు గారి పేరా ఆలోచన చెప్పాక మా గైడ్ కూడా సరే, రాసి చూపించు అన్నారు. వానచినుకు గారూ, తీర్మానంలో ఏమేం ఉండాలి?

వానచినుకు

నాలుగు విషయాలు చాలు. ఏది అచ్చు వేయవచ్చు, ఏది వద్దు. ఆడియో, ఫొటోలు, మొక్కల నమూనాలు ఎవరి దగ్గర ఉంటాయి. వేరే పనికి వాడాలంటే మళ్లీ గ్రామసభకు రావాలి. మీరు చదువు ముగించి వెళ్లిపోయాక యూనివర్సిటీలో ఎవరు జవాబుదారీ. నాలుగోది చాలామంది మరిచిపోతారు. తీర్మానం నకలు ఒకటి మీ డిపార్ట్‌మెంటు ఫైల్లో పెట్టించి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

కొండదారి

ఆ పుస్తకం అచ్చుకు ముందు ప్రూఫు చూడటానికి నేను రెడీ, అక్కా. భాష మాదే అయితే ఇంకా మంచిది. ఏ భాషో నాకు మెసేజ్ పెట్టండి, ఇక్కడ రాయొద్దు. గూడెం తెలిసిపోతుంది.